పోటీ జీపుకి రోడ్డు కాగితాలు ఉంచాలా, వదిలేయాలా: గ్రైండర్ పట్టకముందే తేల్చుకోండి

ఒడిశా జయపురంలో మా షెడ్డుకి బండలు, బురద మీద నడిపే ఆఫ్‌రోడ్ పోటీల కోసం మారుతీ జిప్సీలు, మహీంద్రా మేజర్లు, పాత ఎంఎం540 జీపులు తెచ్చేవాళ్లలో చాలామంది ఒకే వరసలో పని చెప్తారు. ముందు టైర్లు, తర్వాత లిఫ్ట్ (బండి ఎత్తు పెంచడం), ఆ తర్వాత వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), చివర్లో కేజ్ (బండి తిరగబడితే మనిషిని కాపాడే పైపుల చట్రం). అన్నీ అయ్యాక, పోటీకి వారం ఉందనగా అడుగుతారు: "అన్నా, దీన్ని రోడ్డు మీద నడిపించుకుని వెళ్లిపోవచ్చా?" అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు. చాసిస్ కోసేశాం, యాక్సిల్ కింద ఉండే కమాన్లు (స్ప్రింగు పట్టీలు) పైకి ఎక్కాయి, వెనక సీట్ల చోట పైపులు ఉన్నాయి.

కాగితాల సంగతి మొదటి కోతకి ముందే తేలాలి. రోడ్డు బండిగా ఉంచాలనుకుంటే ఏ మార్పు దగ్గర ఆగాలో ముందే తెలుస్తుంది. గ్రౌండు బండి, అంటే రోడ్డెక్కకుండా పోటీ స్థలంలోనే తిరిగే బండి అనుకుంటే ఎక్కడా ఆగక్కర్లేదు, పోటీకి ఏది మంచిదో అదే చేసుకోవచ్చు. ఎటూ తేలకుండా మధ్యలో ఉండిపోయిన బండితోనే ప్రమాదం. దానికి ఆర్‌సీ ఉంటుంది, నంబర్ ప్లేట్ ఉంటుంది, కానీ ఆర్‌సీలో రాసిన బండికీ రోడ్డు మీదున్న బండికీ పోలిక ఉండదు. మా కోరాపుట్, రాయగడ వైపు నా చేతికి వచ్చే పోటీ బండ్లలో ఎక్కువ ఇలాంటివే. వాటికి ఎదురొచ్చే మోటార్ సైకిల్ మీద సంతకి వెళ్తున్న కుటుంబం ఉంటుంది. అందుకే ఈ విషయంలో నేను మొహమాటపడను.

ముందు గ్రౌండుకి ఎలా వెళ్తారో చెప్పండి

బండి తెచ్చినవాళ్లని నేను మొదట అడిగేది ఇదే. ఏ పోటీకి వెళ్తారు, అక్కడికి బండి ఎలా వస్తుంది?

పోటీలు ముఖ్యంగా రెండు రకాలు. ర్యాలీల్లో ఒక స్టేజ్ (టైం చూసే పోటీ దారి) నుంచి ఇంకో స్టేజ్‌కి మామూలు రోడ్డు మీదే వెళ్లాలి, లారీలకి, బస్సులకి దారి ఇస్తూ, ట్రాఫిక్ రూల్స్ పాటిస్తూ. అలాంటిచోట రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ లేకపోతే తనిఖీ బల్ల దగ్గరే ఆపేస్తారు. ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా కింద జరిగే ఈవెంట్లకి ముందే రూల్ పుస్తకం వస్తుంది. మీరు వెళ్లాలనుకున్న క్లాసుకి ఏం కావాలో అందులో చదివాకే డబ్బు ఖర్చుపెట్టండి. రెండోది ట్రయల్. ఒకే స్థలంలో టేపు కట్టి, గోతులు, బండలు, బురద పెట్టి టైం చూస్తారు. ఇక్కడ బండి లారీలో వచ్చి, లారీలో పోయినా సరిపోతుంది.

మీ మనసు ర్యాలీ మీద ఉంటే ఇంక ఆలోచించేదేం లేదు, బండి రోడ్డు బండిగానే ఉండాలి. ట్రయల్ అయితే దూరం చూసుకోవాలి. గోవాలో 2014 నుంచి వానాకాలంలో జరుగుతున్న రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్‌కి కోరాపుట్ నుంచి వెళ్లాలంటే వెయ్యి కిలోమీటర్లు దాటిన దారి. మడ్ టైర్ల మీద, గేర్లు తగ్గించిన జిప్సీలో అంత దూరం నడిపితే మనిషీ అలిసిపోతాడు, టైర్లూ అరిగిపోతాయి. తిరుగు ప్రయాణంలో యాక్సిల్ విరిగితే దారిలో లారీ వెతుక్కోవాలి. అంత దూరానికి కాగితాలు ఉన్న బండినైనా నేను లారీలోనే పంపిస్తాను. అదే పొట్టంగి దగ్గరో, సాలూరు దగ్గరో స్నేహితుల పొలంలో సరదాకి పెట్టుకునే పోటీలకైతే రోడ్డు బండి ఉండటం ఎంతో సుఖం.

చట్టంలో ఏముంది

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ దీనికి మూలం. కంపెనీ తయారుచేసినప్పటి వివరాలకి తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. కేరళ నుంచి వెళ్లిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. లిఫ్ట్, కేజ్, ఇనుప బంపర్, కోసిన బాడీ అని లెక్కపెడితే 20,000 అవుతుంది. బుల్ బార్లు (బండి ముందు బిగించే ఇనుప కమ్మీలు) ఈ 52వ సెక్షన్‌కి విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకి రాసింది.

ఇంజన్ మార్చినా ఇదే పద్ధతి. ఆర్‌సీలో ఇంజన్ నంబర్ ఉంటుంది కాబట్టి ఆర్టీవో అనుమతితో కొత్త నంబర్ ఎక్కించుకోవాలి. జిప్సీలో డీజిల్ ఇంజన్ దించి, ఆర్‌సీలో పెట్రోల్ అని ఉంచితే ఆ కాగితం ఏ తనిఖీలోనూ నిలబడదు.

మా కొండల్లో తరచూ వినపడే మాట ఒకటుంది. "మెయిన్ రోడ్డు ఎక్కంలే అన్నా, ఊరి బాటలోనే తిప్పుతాం" అంటారు. చట్టంలో పబ్లిక్ ప్లేస్ అంటే ప్రజలకి వెళ్లే హక్కున్న ఏ చోటైనా. ఊళ్ల మధ్య మట్టి బాట, వాగు దాటే రేవు, చెరువు గట్టు, అన్నీ అందులోకే వస్తాయి. ప్రాక్టీస్ కావాలంటే ఎవరి సొంత భూమి అయినా చూసుకోండి. మా వైపు కాగితం మిల్లు కోసం వేసిన నీలగిరి తోటలు చాలా ఉన్నాయి. చెట్లు కొట్టాక మోళ్లు మిగిలిన తోట ప్రాక్టీసుకి మంచి చోటు. యజమానిని అడిగి, పాడైన గట్టు మళ్లీ వేసి ఇస్తే రెండోసారి కూడా రానిస్తారు. రిజర్వు ఫారెస్టులోకి మాత్రం వెళ్లకండి.

బోల్టు, వెల్డింగ్

మార్పుల్ని నేను రెండు కుప్పలుగా వేస్తాను: స్పానర్‌తో ఒక పూటలో విప్పగలిగేవి, గ్రైండర్ లేకుండా విప్పలేనివి. రోడ్డు బండి కావాలంటే రెండో కుప్ప జోలికి వెళ్లకూడదు. బోల్టుతో బిగించినంత మాత్రాన రోడ్డు మీద చెల్లుతుందని కాదు, రోడ్డెక్కే ముందు అది విప్పాల్సిందే. విప్పే వీలు మీ చేతిలో ఉంటుంది, అంతే.

టైర్లు చూడండి. జిప్సీ కింగ్‌కి కంపెనీ ఇచ్చింది 205/70 ఆర్15, ఎత్తు ఇంచుమించు 26 అంగుళాలు. దాని చోట 31 అంగుళాలది వేస్తే స్పీడోమీటర్ 50 చూపిస్తున్నప్పుడు మీరు నిజంగా 59లో వెళ్తుంటారు. టైరు బరువు పెరిగింది, బ్రేకులు పాతవే, జిప్సీకి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లేదు. మడ్ టైరు గుబ్బలు తడి తారుని సరిగా పట్టవు. అంచు మడ్‌గార్డ్ దాటి బయటికి వస్తే వెనక వచ్చేవాళ్ల మొహాన గులకరాళ్లు కొడుతుంది. కాబట్టి రోడ్డు బండి ఉంచుకునేవాళ్లు రెండు సెట్ల చక్రాలు పెట్టుకోండి. కంపెనీ సైజు మీద గ్రౌండుకి వెళ్లి, మడ్ టైర్లు స్నేహితుడి పికప్‌లో తెప్పించుకుని అక్కడే మార్చుకోండి. నేను చూసిన ఖర్చుల్లో ఇంత ఉపయోగపడేది ఇంకోటి లేదు.

లిఫ్ట్ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. జిప్సీకి ముందూ వెనకా కమాన్లే. వాటిని యాక్సిల్ మీదకి ఎక్కిస్తే బండి నాలుగైదు అంగుళాలు లేస్తుంది. బండల మీద అద్భుతంగా ఉంటుంది. కానీ జిప్సీ అసలే సన్నటి బండి, ఎత్తు పెరిగేసరికి మలుపులో పక్కకి ఒరుగుతుంది. స్టీరింగ్ రాడ్ కోణం మారి, గోతిలో పడినప్పుడు చక్రం తనంతట తను తిరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ వణుకుతుంది. బ్రేక్ హోసులు పొడుగువి వేయకపోతే యాక్సిల్ వేలాడినప్పుడు లాగి తెగిపోతాయి. ఇలాంటి బండి మీద సాలూరు వైపు సుంకి ఘాట్ దిగడం నాకు ఇష్టం లేదు. మా దగ్గర ఈ పని చేయించుకునేవాళ్లకి బండి ఇచ్చే ముందే చెప్తాను, ఇకనుంచి దీని ప్రయాణం లారీలోనే అని.

వెనక డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలనీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) వెల్డ్ చేయించుకునేవాళ్లు ఉన్నారు, లాకర్ (కావాల్సినప్పుడు రెండు చక్రాలనీ కలిపి తిప్పేది) కొనే డబ్బు లేక. బురదలో బాగా పనిచేస్తుంది. తారు మీద మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. వెల్డ్ చేశాక రెండూ ఒకటే తిరుగుతాయి కాబట్టి ఏదో ఒక టైరు జారాల్సిందే. వానలో స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతుంది. వెల్డ్ చేసిన డిఫరెన్షియల్‌తో రోడ్డెక్కనే కూడదు, ఊరి చివరి పెట్రోల్ బంకు దాకా కూడా. ఎయిర్ లాకర్ ఖరీదే, కానీ స్విచ్ కట్టేస్తే మామూలు డిఫరెన్షియల్‌గా నడుస్తుంది.

రోల్ కేజ్ విషయం చాలామందికి చెప్తే గానీ తట్టదు. పోటీలో హెల్మెట్ ఉంటుంది, భుజాలని కట్టిపడేసే హార్నెస్ ఉంటుంది, వాటితో కలిపి చూసినప్పుడే కేజ్ ప్రాణం కాపాడుతుంది. రోడ్డు మీద హెల్మెట్ లేకుండా, మామూలు బెల్టుతో కూర్చుంటే ఆ పైపు మీ తలకి జానెడు దూరంలో ఉంటుంది. చిన్న గుద్దుడుకే తల ఇనుముకి కొట్టుకుంటుంది. వెనక పిల్లల్ని కూర్చోబెట్టుకునే బండిలో కేజ్ నేను వెల్డ్ చేయను. ఎవరు అడిగినా ఇదే మాట.

మరి రోడ్డు బండికి ఏం చేయొచ్చు? బండి ఆకారం, కొలతలు మారనివి చాలా ఉన్నాయి. యాక్సిల్, గేర్‌బాక్స్ బ్రీదర్ పైపులు (లోపలికి గాలి ఆడే గొట్టాలు) బానెట్ ఎత్తుకి తీసుకెళ్లండి, వాగులో నీళ్లు ఆయిల్లోకి పోవు. ఇగ్నిషన్ వైరింగ్‌కి నీళ్లు తగలకుండా సీల్ చేయించండి. కంపెనీ పొడుగులోనే మంచి షాకులు, కొత్త బుష్‌లు, గేర్‌బాక్స్ కింద రేకు, చాసిస్‌కి సరిగ్గా బిగించిన టో హుక్కులు. స్థానిక ట్రయల్స్‌లో డ్రైవర్ మంచివాడైతే ఇంతమాత్రం బండితోనే ముందు వరసలో నిలబడతాడు. కుర్రాళ్లు ఒక సీజన్ ఇలా తిప్పి చూసుకుంటే, కోయాల్సింది బండినా, నేర్చుకోవాల్సింది డ్రైవింగా అన్నది తెలుస్తుంది.

చాసిస్ నంబర్ కొట్టిన చోట గ్రైండర్ గానీ, వెల్డింగ్ గానీ, మందంగా పెయింట్ గానీ పడనివ్వకండి. ఆర్టీవో వాళ్లు, ఇన్సూరెన్స్ సర్వేయరు దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంటారు. అచ్చు రాకపోతే ఆ బండి మీదేనని నిరూపించడమే కష్టం. గ్రౌండు బండికైనా ఇది వర్తిస్తుంది.

ఇన్సూరెన్స్ దగ్గర తప్పుపోయే లెక్క

మామూలు ప్రైవేట్ కారు పాలసీ తీసి "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అన్న పేరా చదవండి. ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్‌కి వాడితే పాలసీ వర్తించదని అందులో ఉంటుంది. అంటే అన్ని కాగితాలూ ఉన్న బండికి కూడా టేపు లోపల జరిగిన నష్టం మీ జేబులోదే. ర్యాలీలకి విడిగా ఎండార్స్‌మెంట్ (పాలసీకి చేర్చే అదనపు కాగితం) తీసుకునే వీలుంది, పోటీకి ముందే ఏజెంటుని అడిగి రాతలో తీసుకోండి.

అంతకంటే పెద్ద సంగతి థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్లకి జరిగే నష్టం. ప్రమాదంలో ఎవరికైనా దెబ్బ తగిలి కేసు ట్రిబ్యునల్‌కి వెళ్తే, ముందు బాధితులకి చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కంపెనీకి చెప్పిన తీర్పులు చాలా ఉన్నాయి. పాలసీ షరతు మీరు మీరారని తేలితే ఆ వసూలు మీ ఇంటి మీదకే వస్తుంది. మా పరిచయస్తుడొకరి బండి చిన్న గుద్దుడికి సర్వేకి వెళ్లింది. సర్వేయర్ డెంట్ కంటే ముందు లిఫ్ట్ ఫొటోలు తీసుకున్నాడు. క్లెయిమ్ రాలేదు. మనుషులకి దెబ్బ తగిలి ఉంటే ఆ ఇంటి పరిస్థితి ఏమయ్యేదో తలుచుకుంటే నాకు టెన్షన్ వస్తుంది.

ఏటా ఎంత, ఎన్నిసార్లు

ఇక డబ్బు. 2022 జూన్ నుంచి వచ్చిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకి 3,416 రూపాయలు, 1500 సీసీ దాటితే 7,897, జీఎస్టీ వేరే. 1298 సీసీ జిప్సీ మొదటి దాంట్లోకి వస్తుంది, 2112 సీసీ ఎంఎం540 రెండో దాంట్లోకి. పదిహేనేళ్లు నిండాక ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఫీజు 5,000, 20 ఏళ్లు దాటిన బండ్లకి 2025 ఆగస్టులో 10,000 చేశారు. గడువు దాటితే నెలకి 500 అదనం. ఐదేళ్లు షెడ్డులో పడేసి తర్వాత చూద్దాం అనుకుంటే ఆ ఆలస్యానికే 30,000. పైగా బండి అసలు రూపంలో తనిఖీకి నిలబడాలి.

దీని పక్కన లారీ కిరాయి రాయండి. ఏడాదికి మీరు నిజంగా వెళ్లే పోటీలు ఎన్ని, రానూపోనూ ఎంత. ఇక్కడ మనకి ఒక అదృష్టం ఉంది. సాలూరు లారీల ఊరు. సరుకు దింపి ఖాళీగా తిరిగొచ్చే లారీ దొరికితే కిరాయి బాగా తగ్గుతుంది. ఏడాదికి రెండు ట్రయల్స్ వెళ్లేవాళ్లకి లారీయే మేలు. నెలనెలా దగ్గర్లో తిరిగేవాళ్లకి, బండిని పొలానికీ ఊరికీ కూడా వాడుకునేవాళ్లకి రోడ్డు కాగితాలు ఉంచుకోవడం మంచిది. సొంత ట్రైలర్ కొనాలనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి, చట్టం దృష్టిలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి.

సరిహద్దులో ఉన్నవాళ్లకి ఇంకో పని. విజయనగరం, పార్వతీపురం వైపు చుట్టాల దగ్గర కొన్న ఏపీ నంబర్ బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే ఒడిశా నంబర్ తీసుకోవాలి. అక్కడ ఎన్‌వోసీ, ఇక్కడ రిజిస్ట్రేషన్, లైఫ్ టాక్స్. కోరాపుట్ అయితే ఓడీ 10, రాయగడ ఓడీ 18. ఈ మార్పిడికి బండిని చూపించాలి కాబట్టి ఒక్క బోల్టు కూడా మార్చకముందే చేసేయండి. "బావ పేరు మీదే ఉంది, ఉండనీలే" అని వదిలేస్తే రేపు ప్రమాదం జరిగినప్పుడు నోటీసు ఆ బావకే వెళ్తుంది.

గ్రౌండు బండి అని తేల్చుకుంటే

అప్పుడు నంబర్ ప్లేట్ చూసి ధైర్యపడటం మానేయండి, తాళం మీ దగ్గరే పెట్టుకోండి. ఇంట్లో కుర్రాడు పాల పాకెట్‌కి వేసుకెళ్లే వీలు ఉండకూడదు. కొన్న రసీదు, ఆర్‌సీ, చాసిస్ నంబర్ ఫొటో ఒక కవర్‌లో పెట్టి లారీ డ్రైవర్‌కి జిరాక్స్ ఇవ్వండి, చెక్‌పోస్ట్‌లో బండి ఎవరిదని అడిగితే చూపించడానికి. బండి ఇక ఎప్పటికీ వాడకానికి పనికిరాదనుకుంటే 55వ సెక్షన్ కింద ఆర్టీవోకి తెలియజేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. అది అయ్యాక మళ్లీ రోడ్డెక్కించాలన్న ఆశ పెట్టుకోకండి. రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డు మీద దొరికితే మొదటిసారి 2,000 నుంచి 5,000 దాకా జరిమానా, రెండోసారి 5,000 నుంచి 10,000 దాకా జరిమానా గానీ, ఏడాది దాకా జైలు గానీ, రెండూ గానీ.

లారీ మాట్లాడేటప్పుడు తొట్టి కొలవండి. జిప్సీ పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, అంటే 13 అడుగులు దాటుతుంది. ముందు వించ్ బంపర్, వెనక స్టెప్నీ కలిపితే 14 అడుగుల ఐషర్ బిగుతుగా ఉంటుంది, 17 అడుగులది అడగండి. ఎక్కించడానికి ర్యాంపు లేకపోతే లారీ వెనక భాగాన్ని మట్టి దిబ్బకి ఆనించి, ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ లాగే తక్కువ గేరు), నెమ్మదిగా, పక్కన ఒక మనిషి చెయ్యి చూపిస్తుంటే ఎక్కించండి. రాట్చెట్ పట్టీలు యాక్సిల్‌కి వేయాలి. బాడీకి వేస్తే ఘాట్ మలుపుల్లో కమాన్లు పైకీ కిందకీ ఆడి పట్టీలు వదులవుతాయి. ఎక్కించాక కొంతదూరం పోనిచ్చి ఆపి, నాలుగు పట్టీలూ మళ్లీ బిగించుకుని బయల్దేరమని డ్రైవర్‌కి ముందే చెప్పండి.